దారి మూసుకున్న చేను

అనంతపురం జిల్లాలో, ఉరవకొండ దాటాక వచ్చే నల్లరేగడి దిక్కున, ఒక పల్లెలో ఒక రైతూ అతని భార్యా ఉండేవారు. ఏడాది పొడుగునా కలిపి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే సీమ అది. చుట్టుపక్కల చాలా ఊళ్లకు మబ్బే దిక్కు, చెనిక్కాయే పంట. ఈ పల్లెకు మాత్రం నీటి యోగం ఉంది. 1953లో తుంగభద్ర ఆనకట్ట పూర్తయింది. తర్వాత కొన్నేళ్లకు ఎగువ కాలువ ఈ దిక్కుకు వచ్చింది. జనం నోట్లో అది హెచ్చెల్సీ. రైతు తండ్రి నాటికే ఆ నీళ్లు వాళ్ల ఐదెకరాలకు పారాయి.

ఆ చేనికి రెండు కాలువలు ఉండేవి. పైగట్టున నీళ్లు తెచ్చే పిల్లకాలువ, కిందిగట్టున నీళ్లు తీసుకుపోయే మురుగు కాలువ. తండ్రి ప్రతి ఎండాకాలం రెండింట్లోనూ పూడిక తీయించేవాడు. ఆయన పోయాక కొడుకు పైదాన్నే చూసుకున్నాడు. నీళ్లు రావడమే గగనమైన చోట నీళ్లు పోయే దారికి కూలీ డబ్బులు పెట్టడం అతనికి దండగ అనిపించింది. అతన్ని తప్పు పట్టలేం. కరువులో పెరిగినవాడు వచ్చే నీటి కోసమే కాచుకుంటాడు. మురుగు కాలువలో కంపచెట్లు మొలిచాయి, గట్టు మట్టి జారింది, ఒక మూలన పక్క చేని ఆసామి దాన్ని చదును చేసి తన చేలో కలుపుకున్నాడు. కొన్నేళ్లకు అక్కడొక కాలువ ఉండేదన్న సంగతే ఊరు మరిచిపోయింది.

వెంటనే ఏమీ కాలేదు. సగం దారి మూసుకున్నా చేను మిగిలిన సగంతో నెట్టుకొచ్చింది. ముప్పాతిక మూసుకున్నా పైకి తెలియనివ్వలేదు. ఆ తర్వాత ఒక ఏడు మిరప ఆకులు పాలిపోయాయి. చేనికి ఆకలేసిందనుకుని రైతు యూరియా చల్లాడు. నాలుగు రోజులు పచ్చబడినట్టే పడి, ఆకుల అంచులు మాడాయి. ఎరువుల అంగడివాడు జింకు తక్కువైందన్నాడు, జింకు వేశాడు. బామ్మర్ది పొటాష్ సంచి పంపించాడు. అల్లుడు సూక్ష్మపోషకాల సీసాలు తెచ్చాడు. పక్క ఊరి పెద్దమనిషి ఒకాయన అంగడి మందులన్నీ విషమని చెప్పి, నాలుగు బండ్ల పచ్చిపేడ తోలించాడు. వీళ్లలో చెడు కోరినవాడు ఒక్కడూ లేడు. వేసిన ఎరువుల్లో నకిలీదీ లేదు. అయినా చేను ఏటికేడు కుంగిపోయింది. ఎండలు ముదిరాక సాళ్ల మధ్య నేల మీద తెల్లటి పూత తేలింది.

రైతు దాన్ని పట్టించుకునే స్థితిలో లేడు. అతనికి ఏళ్ల తరబడి చక్కెర జబ్బు, దానికి తోడు రక్తపోటు. మోకాళ్ల నొప్పులకు అంగట్లో గోలీలు కొనుక్కుని వారాలకు వారాలు మింగే అలవాటు కూడా ఉండేది. ఆ ఏడు కాళ్లు వాచాయి, అన్నం సయించలేదు. అనంతపురం పోయి రక్తపరీక్ష చేయిస్తే క్రియాటినిన్ బాగా పెరిగి ఉంది. కిడ్నీలు చాలావరకు పని మానేశాయని డాక్టర్లు తేల్చారు. ఇంకో ఏడాదికి డయాలసిస్ తప్పలేదు. ఆరోగ్యశ్రీ కింద నడిచింది కాబట్టి డబ్బు కట్టే పని పడలేదు. కానీ వారానికి మూడుసార్లు కోడి కూసే వేళకు లేచి బస్సెక్కడం, నాలుగేసి గంటలు మిషను పక్కన పడుకోవడం, సత్తువ లేని ఒళ్లుతో పొద్దుగూకి ఇల్లు చేరడం అతని బతుకైపోయింది. చేను భార్య చేతికి వచ్చింది.

ఆమెకు చదువు రాదు గానీ, తెలియనిది అడగడానికి వెనకాడేది కాదు. చేని మట్టి మూటకట్టుకుని వ్యవసాయాధికారి దగ్గరికి పోయింది. ఆయన మట్టిని పరీక్షకు పంపి, తర్వాత తానే చేనికి వచ్చాడు. అంతదాకా వచ్చినవాళ్లంతా ఆకుల్ని చూసి సలహా చెప్పారు. ఈయన ఆకుల జోలికి పోకుండా కిందిగట్టు పొడుగునా నడిచి, ఈ చేనిలో నీళ్లు ఎటు బయటికి పోతాయని అడిగాడు. ఆమె చూపించలేకపోయింది.

అప్పుడాయన విడమరిచి చెప్పాడు. కాలువ నీళ్లతో పాటు చేనిలోకి కొంచెం ఉప్పు వస్తుంది. వేసే ఎరువులతో ఇంకొంచెం వస్తుంది. దారి తెరిచి ఉన్నన్నాళ్లూ మిగులంతా నీళ్లతో కిందికి పోతుంది. దారి మూసుకుంటే నీళ్లు ఎండకు ఆవిరైపోతాయి, ఉప్పు మాత్రం నేలలోనే నిలుస్తుంది. వేర్లు నీళ్లలో ఉండీ నీళ్లు తాగలేవు. ఆకు పాలిపోవడం చూసి ఆకలి అనుకుని ఇంకో బస్తా వేస్తే చౌడు ఇంకొంచెం ముదురుతుంది.

ఆమె కూలీలను పెట్టి తవ్వించింది. పక్క ఆసామి కలుపుకున్న మూలను తిరిగివ్వలేదు గనుక పాత కాలువ పూర్తిగా రాలేదు. ఇంకో పక్కగా సన్నటి కాలువ ఒకటి తీయించింది. హెచ్చెల్సీ నీళ్ల వంతు వచ్చినప్పుడల్లా మళ్లకు గట్లు కట్టి నిండా నీళ్లు పెట్టి, నానబెట్టి, కిందికి వదిలేసేది. పాత కాలువ రోజూ దానంతటది చేసిన పనిని ఇప్పుడు చేతులతో, వంతుల వారీగా చేయవలసి వచ్చింది. మూడు నాలుగు తడులకు తెల్లపూత తగ్గింది.

కానీ ఆకులు మళ్లీ పాలిపోయాయి. ఈసారి ఆమె భయపడింది. ఎరువన్నదే వద్దని, ఇంట్లో ఉన్న బస్తాలన్నీ పారబోయాలని అనుకుంది. అధికారి ఆపాడు. నీళ్లు ఉప్పును కడిగాయి, దానితో పాటు కరిగిపోయే సారాన్ని కూడా కడిగేశాయి. ఈసారి చేనిది నిజంగా ఆకలే. కడుగుడుకు పోయే సారాన్ని, పోయినంతవరకే, తడి ఇచ్చి వదిలాక చల్లమన్నాడు. ముందు చల్లితే అది కూడా నీళ్ల వెంట పోతుంది. కడిగినా పోకుండా నిలిచిపోయేవాటిని చేని దరికి రానివ్వొద్దన్నాడు. పచ్చిపేడ సంగతి వేరు. దాన్ని చివికించి సారం చేసే సూక్ష్మజీవులు ఆ చౌడు నేలలో కొడిగట్టాయి. అక్కడ పచ్చిపేడ ఎంత పోసినా పైరుకు అందదు. బయట దిబ్బలో బాగా మాగిన ఎరువును, అదీ గంపల లెక్కన, వేసుకోమన్నాడు. ఆమె అట్లాగే చేసింది. పాత రోజుల పంట రాలేదు గానీ చేను తేరుకుంది.

ఈ రెండేళ్లలో ఇంట్లో గోడ గూటి నిండా సీసాలు చేరాయి. పలకరించడానికి వచ్చినవాళ్లంతా బలానికని ఏదో ఒకటి తెచ్చారు. అమెరికాలో ఉన్న మేనల్లుడు అన్ని విటమిన్లూ, ఖనిజాలూ ఒకే బిళ్లలో ఉన్న పెద్ద డబ్బా పంపించాడు. చెల్లెలు కాడ్ లివర్ ఆయిల్ గోలీలు తెచ్చింది. ఊరి ఆర్ఎంపీ ఎముకల బలానికని 6 లక్షల యూనిట్ల విటమిన్ డి సూది వేసి, నెల తిరగకుండానే ఇంకొకటి వేశాడు. జలుబు దరి చేరదని ఎవరో చెబితే 500 మిల్లీగ్రాముల విటమిన్ సి బిళ్లలు పూటకొకటి చప్పరించాడు. పక్క ఊరి పెద్దమనిషి ఈసారి నోని రసం సీసా, మునగాకు పొడి పొట్లం ఇచ్చి పోయాడు. రైతు ఒక్కటీ కాదనలేదు. అన్నం తినలేని మనిషికి బలం మందు మింగినప్పుడైనా ఏదో తిన్నానన్న ఊరట ఉంటుంది. ఆ ఊరటను తేలిగ్గా తీసిపారేయకూడదు.

అయితే ఒళ్లు తేరుకోలేదు. చర్మం ఎండిపోయి దురదలు పెట్టింది. జుట్టు ఊడింది. ఎముకలు లాగాయి. విరేచనం బిగిసింది. నీరసం ముదిరిందని చూసినవాళ్లంతా ఇంకో సీసా తెచ్చారు.

ఒక సాయంత్రం ఆమె చేని నుంచి వచ్చి భర్త చేతులకు కొబ్బరినూనె రాస్తోంది. ముంజేతుల మీద చర్మం తెల్లగా పొలుసులు లేచి ఉంది. ఆమె చేయి ఆగిపోయింది. చాలాసేపు ఆ చేతుల్నీ, గూట్లో సీసాల్నీ చూస్తూ కూర్చుంది. మర్నాడు సీసాలు, డబ్బాలు, పొట్లాలు అన్నింటినీ ఒక గోతంలో వేసుకుని భర్తతో పాటు డయాలసిస్‌కు బస్సెక్కింది. కిడ్నీ డాక్టరు ముందు గోతం కుమ్మరించి, వీటిలో ఏవి బయటికి పోతాయో, ఏవి లోపలే నిలిచిపోతాయో చెప్పమని అడిగింది.

డాక్టరు కొంతసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ ప్రశ్నతో వచ్చినవాళ్లు ఆయనకు అరుదు. తర్వాత ఒక్కో సీసా తీసి, మీదున్న అక్షరాలు చదివి, బల్ల మీద వేరు చేస్తూ వచ్చాడు.

విటమిన్ ఎ ఉన్నవాటిని ముందు పక్కకు తోశాడు. మేనల్లుడి డబ్బా, చెల్లెలు తెచ్చిన గోలీలు అందులోకే పోయాయి. రక్తంలో విటమిన్ ఎని మోసే మాంసకృత్తిని విరిచి వదిలించేది కిడ్నీలే. అవి చెడినవాళ్ల రక్తంలో ఏ బిళ్లా మింగకపోయినా విటమిన్ ఎ పెరుగుతుంది. డయాలసిస్ మిషను కూడా దాన్ని బయటికి లాగలేదు. అది పేరుకుంటే చర్మం ఎండుతుంది, జుట్టు రాలుతుంది, ఎముకలు నొప్పిపెడతాయి, రక్తంలో కాల్షియం పెరుగుతుంది.

విటమిన్ డి దగ్గర ఆయన ఎక్కువసేపు ఆగాడు. అనంతపురంలో ఎండకు కొదవ లేదు. కానీ ఎండ తగిలి చర్మంలో తయారయ్యే విటమిన్ డి ముందు కాలేయంలో, ఆ తర్వాత కిడ్నీలో మారితేనే ఒంటికి పనికొస్తుంది. ఆ ఆఖరి మార్పు ఈ మనిషిలో సరిగ్గా జరగడం లేదు. లక్షల యూనిట్లు లోపలికి పోతే ఎముకకు అందకుండానే పేరుకుని, కాల్షియాన్ని పెంచి, రక్తనాళాల గోడల్లో సున్నంలా దిగే ప్రమాదం ఉంది. కిడ్నీ చేయవలసిన మార్పు ముందే జరిగిన రకం ఒకటి ఉంది, దాని పేరు కాల్సిట్రయాల్. దాన్ని 0.25 మైక్రోగ్రాముల లెక్కన ఇస్తారు. అది కూడా కాల్షియం, ఫాస్ఫరస్, పారాథైరాయిడ్ హార్మోను పరీక్షలు చూసుకుంటూ, అవసరమైతేనే. ఆమెకు దిబ్బలో మాగిన ఎరువు గంపలు గుర్తొచ్చాయి.

విటమిన్ సి ఒంట్లో కొంతవరకు ఆక్సలేట్ అవుతుంది. మామూలు మనిషిలో అది మూత్రంలో పోతుంది, ఇతనిలో కణజాలాల్లో దిగబడుతుంది. డయాలసిస్ చేయించుకునేవాళ్లకు రోజుకు 60 నుంచి 100 మిల్లీగ్రాముల దాకా ఇవ్వడం వాడుక. ఇతను చప్పరించిన బిళ్ల ఒక్కొక్కటి దానికి ఐదు రెట్లు, అంతకన్నా ఎక్కువ. నోని రసంలో, మునగాకు పొడిలో పొటాషియం మెండు. అది పెరిగితే గుండె లయ తప్పుతుంది. మేనల్లుడి డబ్బాలో ఉన్న ఫాస్ఫరస్, మెగ్నీషియం కూడా ఇతనికి సరిగ్గా పోయే దారి లేనివే. రక్తం తీసి చూస్తే కాల్షియం ఉండవలసిన దానికన్నా పైకి పోయి ఉంది.

ఆమె భయపడి గోతంలో ఉన్నవన్నీ పారేయబోయింది. డాక్టరు ఆపాడు. ఇతనికి లోటు లేదని ఎవరూ అనలేరు. పొటాషియం భయానికి ఆకుకూరలు ఉడికించి నీళ్లు వార్చేస్తారు, పండ్లు తగ్గిస్తారు, ఆకలి చచ్చిపోతుంది. వీటన్నింటి మీద ప్రతి డయాలసిస్‌లో రక్తంలోని మలినాలతో పాటు బి విటమిన్లు, కొంత విటమిన్ సి కొట్టుకుపోతాయి. పోయేవాటిని పోయినంతవరకు తిరిగి పెట్టాలి. అందుకని కిడ్నీ రోగులకని తయారైన చిన్న మాత్ర ఒకటి రాసిచ్చాడు. అందులో బి విటమిన్లు, ఫోలిక్ ఆమ్లం, కొద్దిపాటి విటమిన్ సి ఉన్నాయి. ఎ లేదు. డయాలసిస్ ఉన్న రోజుల్లో మిషను దిగాకే దాన్ని వేసుకోమన్నాడు, ముందు వేసుకుంటే చాలావరకు మిషనుకే పోతుంది.

ఆ మాత్రలోని ఫోలిక్ ఆమ్లం గురించి తెలుగువాళ్లం గుర్తుంచుకోవలసిన మాట ఒకటుంది. 1895లో భీమవరంలో పుట్టి, స్ప్రూ అనే పేగుల జబ్బుకు సోదరులను పోగొట్టుకున్న యల్లాప్రగడ సుబ్బారావు, అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలు నడిపారు. 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది అక్కడి బృందమే. లోటు ఉన్నచోట అది ప్రాణం పోసే మందు. అదే ఫోలిక్ ఆమ్లాన్ని, బి6, బి12లతో కలిపి పెద్ద మోతాదుల్లో, చక్కెర జబ్బు వల్ల కిడ్నీలు దెబ్బతిన్న 238 మందిపై కెనడాలో పరీక్షించారు. 2010లో ఫలితాలు బయటికి వచ్చాయి. ఉత్తుత్తి బిళ్లలు వేసుకున్నవాళ్ల కన్నా విటమిన్లు వేసుకున్నవాళ్ల కిడ్నీలే త్వరగా క్షీణించాయి, గుండెపోటు, పక్షవాతం లాంటివీ వాళ్లలోనే ఎక్కువ కనిపించాయి. నీళ్లలో కరిగే విటమిన్ ఎంతైనా వేసుకోవచ్చన్న మాట ఈ జబ్బులో చెల్లదు. డయాలసిస్ దాకా రానివాళ్లకు కూడా చెల్లదు.

ఆమె చిన్న మాత్రను కొంగుకు ముడేసుకుంది. మిగిలినవాటిని డాక్టరు దగ్గరే వదిలేసింది. కొన్ని నెలలకు రైతు దురదలు తగ్గాయి, కాల్షియం దిగింది, రాత్రిళ్లు నిద్ర పట్టింది. కిడ్నీలు తిరిగి రాలేదు, డయాలసిస్ ఆగలేదు. పలకరించడానికి వచ్చేవాళ్లు సీసాలు తేవడమూ మానలేదు. ఆమె వాళ్లను కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి, తెచ్చినదాన్ని తీసుకుని, గోతంలో వేసి, డాక్టరుకు చూపించేదాకా దాని మూతి విప్పేది కాదు.

విటమిన్ ఎక్కువైనా ఒంటికి నష్టం లేదు, మిగిలింది మూత్రంలో పోతుంది అని మనం ధైర్యంగా అనుకునేది కిడ్నీలు పనిచేస్తున్నాయన్న నమ్మకం మీద. ఆ కిడ్నీలే చెడినచోట బలానికని ఇచ్చినదీ విషంలా పేరుకుంటుంది, కడుగుడుకు పోయేది మాత్రం నిజంగానే లోటు పడుతుంది. అందుకే ఈ జబ్బున్నవాళ్లకు అన్నీ పెట్టడమూ, అన్నీ మానిపించడమూ రెండూ కీడే: ఏది పోతోందో, ఏది నిలుస్తోందో రక్తపరీక్షలు చూసి చెప్పగలిగిన డాక్టరు రాసినదే, రాసినంతే, చెప్పిన వేళకే ఇవ్వాలి. ఇంట్లో కిడ్నీ జబ్బు మనిషి ఉంటే టానిక్కు, లేహ్యం, ఆకుపొడి, బలం సూది, విదేశాల నుంచి వచ్చిన డబ్బా ఏదైనా సరే, వాడకముందే సంచిలో వేసుకుని ఈసారి ఆసుపత్రికి పోయేటప్పుడు వెంట తీసుకుపోండి.